బాగైన కంప్యూటర్‌ను రోజూ పాడుచేసుకున్న వైనం

ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి పడిపోయేది. ఇప్పుడూ అంతే పడుతుంది, నేను వచ్చేశానని ఆ ఊరి సూర్యుడు వేళలేమీ మార్చుకోలేదు. కానీ ఇరవైమూడేళ్ళ వయసులో, తెలిసిన మొహం ఒక్కటీ లేనిచోట, అంత పెందలాడే చీకటి పడితే ఆ తరవాత నిద్రపోయేదాకా మిగిలే పొద్దు ఎంత పొడుగ్గా ఉంటుందో పడినవాళ్ళకే తెలుస్తుంది. మా తెనాలి వైపు ఆ వేళకి పిల్లలు ఇంకా బంతి కనబడుతోందని ఆడుతూనే ఉంటారు. ఇక్కడ నేను లైటు వేసుకుని, ఒక గిన్నెలో అన్నం, అదే గిన్నెలో పప్పు వండుకుని, తిని, ఆ ఒక్క గిన్నే తీరిగ్గా రెండుసార్లు కడిగి గడియారం చూస్తే ఏడు కూడా అయ్యేది కాదు. (ఒకసారి గడియారం ఆగిపోయిందేమోనని బ్యాటరీ మార్చాను. ఆగలేదు.) ఒంటరితనం గురించి పెద్దవాళ్ళు గంభీరంగా రాస్తారు గానీ, నన్నడిగితే అందులో సగం నవ్వొచ్చే వ్యవహారమే. ఒంటరిగా ఉన్నప్పుడు మనిషి చేసే పనులు ఇంకొకరు చూస్తే నవ్వకుండా ఉండలేరు, చూసేవాళ్ళు ఉండరు కనుక గంభీరంగా మిగిలిపోతాయి. నేను చేసిన అలాంటి పని ఒకటి ఇన్నేళ్ళకి మీతో చెప్పుకుంటాను. నవ్వితే ఏమీ అనుకోను.

నాది ఒక చిన్న సర్వే కంపెనీలో మ్యాపులు గీసే ఉద్యోగం. కొలతలు తెచ్చేవాళ్ళు ముగ్గురు. వాళ్ళు పడవెక్కి దీవుల మీదికి వెళ్ళారంటే మూడేసి వారాలు కనిపించరు. మా పెద్దసారు విశాఖపట్నంలో ఉంటాడు, ఫోన్లో తప్ప దొరకడు. ఇక ఫీనిక్స్ బే జెట్టీకి ఎదురుసందులో ఉన్న ఆ ఒంటిగది ఆఫీసులో మిగిలేది బల్ల దగ్గర నేనూ, గోడ మీద బల్లీ. కిటికీలోంచి పడవ టిక్కెట్ల క్యూలో జనం అరుచుకోవడం వినబడేది. "అరే లైన్ మే ఆవో భాయ్!" అని ఎవరో ఎవరినో కసురుకుంటుంటే, కసురుకోవడానికైనా వాళ్ళకి ఒకరికొకరు ఉన్నారు కదా అని నాకు కుళ్ళు పుట్టేది. పని లేకపోయినా రెండుసార్లు వెళ్ళి ఆ క్యూలో నిలబడ్డానని, టిక్కెట్లిచ్చే కిటికీ దగ్గరకి వచ్చేసరికి చెప్పులు తెగినవాడిలా కిందికి వంగి పక్కకి తప్పుకున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

గది డైరీ ఫార్మ్ అనే పేటలో. ఏటవాలు మీద కట్టిన ఇల్లు. పైన ఇంటివాళ్ళు, కింద నేను. ఇంటాయన జెట్టీ పడవల్లో ఇంజిన్ డ్రైవరు, అందుకని అందరికీ డ్రైవరన్న. ఆయన భార్యని వీధంతా దీదీ అనే పిలుస్తుంది. ఆయన తల్లి మామ్మ. శ్రీకాకుళం ఒడ్డున ఒక చేపలపల్లెలో పుట్టి, కొత్త పెళ్ళికూతురుగా ఓడెక్కి వచ్చి, ఇక్కడే పిల్లల్ని కని, సముద్రం మీద బతికిన భర్తని సాగనంపి, డెబ్భై దాటినా చేప కోయడంలో కోడలికి వంకలు పెట్టగలిగిన మనిషి. చేరిన రెండు నెలల్లో ఆ ఇంటితో నాకు నడిచిన మాటల వ్యవహారమంతా ఒక్క వాక్యం. కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి, వచ్చినప్పుడు దీదీ మెట్ల మీంచి, సగం హిందీ కలిసిన ఆ దీవుల తెలుగులో, "పానీ వచ్చింది భయ్యా, బాల్టీ పెట్టుకో!" అని కేకేసేది. నేను "థాంక్సండీ" అనేవాణ్ణి. ఆ వాక్యం కోసం రోజు విడిచి రోజు గుమ్మం దగ్గరే తచ్చాడేవాణ్ణి. పైకి వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడవచ్చు కదా అంటారా? మా ఇంట్లో పెంపకం అటువంటిది. పని లేకుండా పరాయి గడప తొక్కడం పిలవని పేరంటానికి వెళ్ళడంతో సమానమని చిన్నప్పటినుంచీ నూరిపోశారు. మెట్లు పదకొండే. వాటిని ఎక్కడానికి నా దగ్గర పనేమీ లేకపోయింది.

ఆ పని నాకు కంపెనీవారిచ్చిన ల్యాప్‌టాప్ సంపాదించిపెట్టింది. దాంట్లో ఉండేది అందరూ వాడే విండోస్ కాదు, లినక్స్. లినక్స్ నడిపే కుర్రాళ్ళకి ఆ వయసులో ఒక గర్వం ఉంటుంది, ప్రపంచమంతా అజ్ఞానంలో ఉందనీ తామే మేలుకున్నామనీ. నాకది మోతాదు మించి ఉండేది. దాని గుండెకాయ వంటిదాన్ని కెర్నల్ అంటారు. (లోపలి యంత్రాలకీ మనకీ మధ్య నిలబడి మాట అటూ ఇటూ అందించే పెద్దమనిషి అనుకోండి.) కొత్త కెర్నల్ వచ్చిందని చదివిన రోజు నుంచీ నాకు కాలు నిలవలేదు. ఆ రోజుల్లో దీవులకి నెట్ ఆకాశంలోంచి ఉపగ్రహం మీదుగా వచ్చేది, సముద్రం అడుగున కేబుల్ ఇంకా రాలేదు. చినుకు పడితే అదీ ఉండేది కాదు. శుక్రవారం పొద్దున మొదలుపెట్టిన డౌన్‌లోడు ఆదివారం మధ్యాహ్నానికి పూర్తయింది. మూడు రోజులు పురిటిగది బయట కూర్చున్నవాడిలా కూర్చున్నాను. అయ్యాక చేసిన పని ఏమిటంటే, కొత్తది వచ్చింది కదా, పాతది దేనికి అని పాత కెర్నల్‌ని తుడిచిపారేశాను. ఇల్లు శుభ్రంగా ఉండాలని నా పట్టుదల. బుద్ధి ఉన్నవాడెవడూ కొత్త చెప్పులు కరుస్తాయో లేదో చూసుకోకుండా పాతవి పారేయడు.

మళ్ళీ ఆన్ చేస్తే ముందు ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్ళ బొమ్మ వచ్చింది, తరవాత ఎంపికల పట్టీ వచ్చింది, తరవాత తెర నల్లబడింది. ఫ్యాను తిరుగుతోంది, లైట్లు మిణుకుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. నాలుగుసార్లు ఆపి వేశాను, నాలుగుసార్లూ అంతే. ఆ తెరలో నాకు కనబడిందల్లా నా మొహమే, అది చూడదగ్గ స్థితిలో లేదు. పెద్దసారుకి ఫోన్ చేస్తే, "కొత్త మిషన్ ఇప్పట్లో కుదరదు, నువ్వే పెద్ద లినక్స్ అన్నావుగా, చూసుకో" అన్నాడు. ఫోన్లోంచే లినక్స్‌వాళ్ళ చర్చావేదిక ఒకదానిలో నా గోడు రాసుకున్నాను. మర్నాటికి ఏ దేశంవాడో ఒకాయన జవాబిచ్చాడు: "మీ కెర్నల్ ఏది? గ్రాఫిక్స్ కార్డు ఏది? బయటి తెర తగిలిస్తే బొమ్మ వస్తుందా?" ఆ వారంలో నా గురించి మూడు ప్రశ్నలు అడిగిన మనిషి ఆయనొక్కడే. కళ్ళు చెమ్మగిల్లాయంటే నమ్మండి. ఆయన అడగని సంగతులు కూడా, భోజనం సరిగ్గా కుదరడం లేదన్నదాకా రాసి, ఆ చివరి ముక్క సిగ్గేసి చెరిపేశాను.

బయటి తెర నా దగ్గర లేదు. పైన ఉంది, మామ్మ చూసే టీవీ. అబర్డీన్ బజారుకి వెళ్ళి కేబుల్ కొనుక్కొచ్చి, నీళ్ళొచ్చే రోజు కోసం ఆగి, దీదీ కేకేయగానే బాల్టీ పట్టుకునే అడిగాను. "దీదీ, మీరేం అనుకోకపోతే... మీ టీవీ ఒక్క అరగంట... నా ల్యాప్‌టాప్ స్క్రీన్..." దీదీ మొత్తం వినకుండానే, "ఖరాబ్ అయిపోయిందా? అరే, పైకి తెచ్చీ భయ్యా, ఇందులో అడగడానికేటుంది!" అంది. చంకలో ల్యాప్‌టాప్, మెడలో కేబుల్ వేసుకుని ఆ పదకొండు మెట్లూ ఎక్కాను. నాకు ఒక పని దొరికింది.

అప్పుడు టైము ఆరున్నర. మామ్మ సీరియల్ టైము. ఆ సంగతి నాకు తెలియదు. మామ్మ కింద చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని రిమోట్ ఒళ్ళో పెట్టుకుని ఉంది. నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఈ గుంటడు మన కిందింట్లో ఉంతన్నోడు కాదేటి? మాటలొచ్చేటి ఇతనికి?" అంది. వచ్చని దీదీ హామీ ఇచ్చాక, రిమోట్ పక్కన పెట్టింది. కేబుల్ తగిలించాను. టీవీ నిండా తెల్లటి అక్షరాలు గబగబా పైకి పాకడం మొదలయ్యాయి. ప్రతి వరసకీ ముందు పచ్చగా 'సరే' అన్న గుర్తు, మధ్యలో ఎక్కడో ఎర్రగా 'తప్పింది' అన్న గుర్తు. మామ్మకి ఏ భాషలోనూ చదువు రాదు. అయినా ముందుకి వంగి కూర్చుంది. "పచ్చవి బాగున్నోళ్ళు, ఎర్రది జొరం తగిలినోడు, అంతే కాదేటి?" అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేనన్నాను. "అయితే జొరం తగిలినోణ్ణి వొగ్గీసి బాగున్నోళ్ళని సూత్తావేటి? ఆడి దగ్గిరికెల్లు" అంది. ఆ రోజు రెండు గంటలు కూర్చున్నాను. లేస్తుంటే దీదీ పళ్ళెం పెట్టింది. సూరమీను పులుసు. నేను ఒక గిన్నె పప్పు మీద రెండు నెలలు బతికినవాణ్ణి, ఆ పులుసు ఎలా తిన్నానో చెప్పను, నా పరువు పోతుంది.

అలా వరసగా సాయంత్రాలు పైనే. పగలు ఆఫీసులో కాగితం పని, సాయంత్రం టీవీ మీద మ్యాపుల పని, ఆ తరవాత రోగనిర్ధారణ. చర్చావేదిక పెద్దమనిషి వేర్వేరు కెర్నళ్ళు పెట్టి చూడమన్నాడు. నెట్ మీద దించుకుంటే నాకు పెళ్ళీడు దాటిపోతుంది కనుక విశాఖలో ఉన్న స్నేహితుణ్ణి వేడుకున్నాను. వాడు మూడు కెర్నళ్ళు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి, ఓడెక్కుతున్న డ్రైవరన్న బంధువొకాయన చేతిలో పెట్టాడు. నాలుగో రోజుకి ఆ పెన్‌డ్రైవ్, దాంతోపాటు ఎండుచేపల మూట, రెండూ ఒకే వాసనతో మా ఇంటికి చేరాయి. మామ్మ వాటి వయసులు అడిగి మూడింటికీ అక్కడికక్కడే పేర్లు పెట్టేసింది: పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. పెద్దోణ్ణి పెడితే ల్యాప్‌టాప్ తెర వెలిగింది గాని వైఫై పోయింది. నడిపోణ్ణి పెడితే వైఫై వచ్చింది, తెర పోయింది. చిన్నోణ్ణి పెడితే తెర మీద బొమ్మ చలిజ్వరం వచ్చినట్టు వణికి, పోతూ పోతూ టీవీని కూడా నల్లబరిచి పోయింది. డ్రైవరన్న డ్యూటీ దిగి వచ్చి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "ఆజ్ కౌన్ హై? నడిపోడేనా?" అని అడిగేవాడు. "ఆడి మాటెత్తకు, ఆడు మంచోడే గాని కళ్ళు లేవు" అని మామ్మ జవాబు చెప్పేది. తెరకి బొమ్మ అందించే ఏ గ్రాఫిక్స్ డ్రైవరు ఏ కెర్నల్‌తో పొసగదో నేను నోట్‌బుక్‌లో పట్టీ గీసుకుంటుంటే, మామ్మ అదంతా నోటితోనే చెప్పేది. నిన్న ఎర్రది చివర్లో వచ్చింది, ఇవాళ ముందే వచ్చింది అని నేను గమనించనివి కూడా పట్టుకునేది.

ఇట్లా పది రోజులు గడిచాయి. ఒకనాటి సాయంత్రం నడిపోణ్ణే మళ్ళీ పెట్టి చూస్తుండగా కరెంటు పోయింది. టీవీ ఆరిపోయింది, ఫ్యాను ఆగిపోయింది, ఇల్లంతా చీకటి. ల్యాప్‌టాప్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తోంది, దాని తెర ఎప్పటిలా నల్లగానే ఉంది. దీదీ వంటింట్లో కొవ్వొత్తి వెతుక్కుంటోంది. మామ్మ ఉన్నట్టుండి, "ఒరే, ఇలా రా. దీన్ని సూడు" అంది. దగ్గరకి వెళ్ళి ఆమె వేలు పెట్టినచోట చూశాను. ఆ నలుపు పూర్తి నలుపు కాదు. లోపలెక్కడో బూడిదరంగు వెలుగు ఉంది. పది రోజులుగా దీపాల కింద చూస్తూ ఉండటం వల్ల నాకది కనబడలేదు.

"ఇది సచ్చిపోనేదురా గుంటడా" అంది మామ్మ. "పడుకున్నాది. మా ముసిలోడు ఇలాగే, సేపల ఏటలో వల దింపీసినాక డీజిలు ఆదా అని ఇంజిను ఆపీసేవోడు. మళ్ళీ లెగమంటే అది లెగదు. అలల్లో ఊగతా ఆడూ నానూ దాని మీద పడి ఏడుపు. ఆదా సేద్దారని పడుకోబెట్టినారంటే కొన్ని లెగవురా. ఆణ్ణి పడుకోనీకు."

మర్నాడు ఆఫీసులో ఆ మాటే నా బుర్రలో తిరిగింది. కెర్నల్‌తోపాటు వచ్చే పత్రాల్లో, ఫోన్లోనే, తెరకి సంబంధించిన పొదుపు ఏర్పాట్లన్నీ వెతికాను. మొదట కనబడే ఎంపికల పట్టీలో, నడిపోడి వరస చివర చిన్న ముక్క ఒకటి చేర్చితే ఒక్కో పొదుపునీ ఆపవచ్చు. ఒకటి ఆపాను, నలుపు. రెండోది ఆపాను, నలుపు. తెర మీది బొమ్మ కదలనప్పుడు కరెంటు మిగల్చడానికని దాన్ని కునుకు తీయమనే ఏర్పాటు ఒకటుంది. దాన్ని ఆపి ఎంటర్ కొట్టాను. తెర వెలిగింది. వైఫై ఉంది. మ్యాపు తెరిచాను, సముద్రం నీలంగా, తీరం పచ్చగా, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కుర్చీలోంచి లేచి చిన్న గంతు కూడా వేశాను. ఎవరితోనైనా చెప్పాలని చూస్తే గోడ మీద బల్లి ఉంది. ఆ గంతు నేలకి దిగేలోపే నాకు తట్టింది: ఇవాళ సాయంత్రం నేను ఎక్కడికి వెళ్ళాలి?

నిజం చెబుతున్నాను, ఆ మధ్యాహ్నం పడినంత దిగులు ల్యాప్‌టాప్ పోయినప్పుడు కూడా పడలేదు. ఐదున్నరకి చీకటి పడుతుంది. గదికి వెళ్తాను. గిన్నె, పప్పు, గడియారం. పైన పదకొండు మెట్ల అవతల నవ్వులు వినబడుతుంటాయి. నేను దేని పేరు చెప్పుకుని ఎక్కాలి? బాగా ఆలోచించాను (ఆలోచించానని ఇప్పటికీ అనుకుంటాను). సాయంత్రం ఆరుంబావుకి గదిలో కూర్చుని, నడిపోడి వరస చివర నేను చేర్చిన ఆ చిన్న ముక్కని నా చేతుల్తో నేనే తీసేశాను. తెర నల్లబడిందని ఖాయం చేసుకున్నాను. చంకలో పెట్టుకుని మెట్లెక్కాను. "ఏటి, లెగిసిందేటి?" అని మామ్మ ఆత్రంగా అడిగింది. "లేదు మామ్మా" అన్నాను.

ఆ తరవాత మూడు వారాలపాటు నా దినచర్య ఇది. పొద్దున ఆఫీసులో ముక్క చేర్చి బాగుచేయడం, సాయంత్రం గదిలో ముక్క తీసి పాడుచేయడం. లోకంలో అందరూ పాడైనవి బాగుచేయడానికి తంటాలు పడతారు. బాగున్నదాన్ని ఇంత క్రమశిక్షణతో పాడుచేసినవాణ్ణి నన్నే చూశాను. అది చాలదన్నట్టు చర్చావేదికలో ఆ పెద్దమనిషి, "బయటపడ్డారా?" అని రెండుసార్లు అడిగితే, ఆయన ప్రశ్నలు ఆగిపోతాయన్న భయంతో "ఇంకా చూస్తున్నాను" అని జవాబిచ్చాను. ఒకేసారి రెండు గోళార్ధాలకి అబద్ధం చెబుతూ పులుసన్నం తింటున్నాను. పులుసు మాత్రం గొంతు దిగడం రోజురోజుకీ కష్టమవుతోంది. ఎందుకంటే జబ్బు కనిపెట్టింది మామ్మ. ఆ మనిషికే వైద్యం కుదరలేదని చెబుతున్నాను. ఆమె రోజూ ఎర్ర వరసల్ని లెక్కపెట్టుకుంటూ, "నా మాట తప్పయిపోయినాదేటిరా" అని గొణుక్కునేది. అప్పుడు తల వంచుకుని చేప ముళ్ళు ఏరుకునేవాణ్ణి. ముళ్ళు లేని ముక్కలో కూడా ఏరేవాణ్ణి.

ఒక సాయంత్రం నేను మెట్లెక్కేసరికి డ్రైవరన్న కూడా ఇంట్లోనే ఉన్నాడు, దీదీ ఒక పాత దుప్పటి మడతపెడుతోంది. మామ్మ మొహం వెలిగిపోతోంది. "కూకో. నీ పని అయిపోయినట్టే" అంది. "ఎల్లుండి ఓడకి మా అన్న కొడుకు వైజాగ్ ఎల్తన్నాడు. ఆ పక్క పెద్ద పెద్ద కంపూటర్ డాక్టర్లుంటారంట గదా. నీ డబ్బా ఆడి సేతిలో ఎట్టీసినాను అనుకో. ఆడు దాన్ని ఒళ్ళో ఎట్టుకుని తీసికెల్లి, నయం సేయించి, తిరుగోడకి తెచ్చీస్తాడు. ఒట్టేసినాడు." డ్రైవరన్న, "నేను కూడా మాట్లాడాను భయ్యా, ఫికర్ మత్ కరో, దిగులు పడకు" అన్నాడు. దీదీ దుప్పటి చూపించి, "ఓడలో దెబ్బ తగలకుండా దీంట్లో చుట్టీస్తాను" అంది. అది ఆ ఇంట్లో ఉన్నవాటన్నిట్లోకీ మెత్తటి దుప్పటి.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఇచ్చేస్తే కంపెనీ మ్యాపులన్నీ సముద్రం దాటిపోతాయి, రోగం లేని రోగిని అక్కడెవడో ఆన్ చేసి నవ్వుతాడు, అంతకంటే ఒక మనిషి మూడు రాత్రుళ్ళు నా అబద్ధాన్ని ఒళ్ళో పెట్టుకుని ఓడలో కూర్చుంటాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. "వద్దు మామ్మా, ఇంకో వారం చూస్తాను" అని నసిగాను. "ఇంకా ఏటి సూత్తావు? కళ్ళు పోతాయి!" అని కసిరింది. ల్యాప్‌టాప్ తెరిచాను, కేబుల్ తగిలించలేదు. పట్టీలో ఆ చిన్న ముక్క చేర్చాను. తెర వెలిగింది. ముగ్గురూ ఆ వెలుగుని చూశారు. "ఎప్పుడు?" అంది దీదీ. నేను నేల చూస్తూ, "మూడు వారాలైంది. మామ్మ చెప్పిన మర్నాడే" అన్నాను. "రోజూ పైకి వచ్చే ముందు నేనే పాడుచేసి తెస్తున్నాను."

డ్రైవరన్నకి ముందు అర్థమే కాలేదు. "మగర్ క్యోఁ? ఎందుకు?" అన్నాడు. "కింద... ఏమీ తోచదన్నా" అన్నాను. ఇంకా ఏదో అనాలనుకున్నాను గానీ ఇరవైమూడేళ్ళ మగవాడు పరాయి ఇంట్లో ఏడిస్తే బాగుండదని ఆపుకున్నాను. సగమే ఆపుకోగలిగాను.

మామ్మ లంకించుకుంది. "నా సీరియల్రా! నెల రోజులు నా సీరియల్ వొగ్గీసినాను నీ కోసం! అందులో ఆ పెద్ద కోడలికి తెలివొచ్చిందంట, ఆడపడుచు దొంగతనం బయటపడ్డాదంట, పక్కింటిది సెప్పింది, నాను ఒక్కటీ సూడనేదు! కూకుని నీ ఎర్రవీ పచ్చవీ లెక్కెట్టినాను!" నేను క్షమించమన్నాను. "అందుకు కాదు" అంది. కాస్త గొంతు తగ్గించి, "ఆ డబ్బా సంకనెట్టుకుంతేగాని రాలేవేటి? ఇంటికి రాడానికి నీకు రోగం ఉండాలేటిరా? ఒట్టి సేతుల్తో వొస్తే తోసీసేవోళ్ళమేటి?" అంది.

దీదీ మడతపెట్టిన దుప్పటి తీసి లోపల పెట్టేసింది, తిరిగి వచ్చి పళ్ళెం పెట్టింది. మామ్మ రిమోట్ అందుకుంది.

మర్నాడు ఒట్టి చేతుల్తో మెట్లెక్కాను. చేతులు రెండూ ఏం చేసుకోవాలో తెలియలేదు. ముందు జేబుల్లో పెట్టుకున్నాను, తరవాత కట్టుకున్నాను, చివరికి చాప మీద కూర్చుని వాటి మీదే కూర్చున్నాను. మామ్మ సీరియల్‌లో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకు చెబుతూ, మధ్యమధ్య ఒక రొయ్యల పళ్ళెం నా ముందుకి తోసి, "ఒలువు" అంది. ఆ తరవాత ఆ ఊళ్ళో ఉన్న ఏడాదిన్నర అలాగే గడిచింది. ఆ చర్చావేదిక పెద్దమనిషికి కూడా ఆ వారమే నిజం రాశాను. ఏ ముక్క చేర్చాలో కూడా రాస్తూ, పరిష్కారం కనుక్కున్నది నేను కాదు, మా ఇంటి మామ్మ అని చేర్చాను. ఆయన ఆమెకి కృతజ్ఞతలు చెప్పమన్నాడు. చెప్పాను. "ఆడెవడు?" అంది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. చెవుల దగ్గర తెల్లబడింది. ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి కెర్నళ్ళు నెలకొకటి వస్తాయి, నేను నిద్రపోతుండగా వాటంతటవే ఎక్కేస్తాయి, పొద్దున్నే తెర మచ్చలేకుండా వెలుగుతుంది. దాన్ని చూస్తే కాస్త కోపం వస్తుంది, ఇంత ఆరోగ్యం దేనికని. మా ఆవిడ ఉద్యోగం వేరే ఊళ్ళో, శనాదివారాలే వస్తుంది. మిగతా రోజులు సాయంత్రాలు మళ్ళీ పొడుగ్గానే ఉంటున్నాయి. ఎదుటి ఫ్లాట్‌లో ఒక పెద్దాయన ఒక్కడే ఉంటాడు, రెండేళ్ళుగా లిఫ్టులో తలాడించుకోవడం తప్ప మాటల్లేవు. మొన్న బుధవారం, మామ్మ అన్న మాట ఏ మూలనుంచో గుర్తొచ్చి, సరే వెళ్దాం, ఊరికే వెళ్దాం అని ధైర్యం కూడగట్టుకుని, నిజంగా ఒట్టి చేతుల్తోనే వెళ్ళి ఆయన తలుపు తట్టాను. తలుపు తీశాడు. "చెప్పండి" అన్నాడు. ఊరికే వచ్చానండీ అనాలి. రెండే ముక్కలు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "మీకు కరెంటు ఉందా అండీ?"

ఆయన హాల్లో లైట్లన్నీ వెలుగుతున్నాయి. "ఉందండీ. మీకు లేదా?" అన్నాడు. లేదనడానికి వీల్లేకుండా నా వెనక నా ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది, లోపలి లైటు వెలుతురు వరండా దాటి ఆయన గడప దాకా పడుతోంది. ఆయన ఆ వెలుతురు చూశాడు, నా చేతులు చూశాడు, నన్ను చూశాడు. పక్కకి జరిగి దారి ఇచ్చాడు.